ప్రయోగానికి అవ్వ పేరు

బతికున్న మా అవ్వను నేనొకసారి చంపేశాను. కంగారు పడకండి, కత్తితో కాదు, కంప్యూటర్‌తో. పోలీసులు రాలేదు గానీ పూలదండలు మాత్రం ఆటోలో వచ్చాయి.

అప్పటికి నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కొత్త. శామీర్‌పేటలో మా చర్చి పాస్టరుగారు, "ఎవలన్న ప్రభువు దగ్గరికి వోతే అందరికి ఒక్కపారే మెసేజ్ పోవాలె బిడ్డా" అన్నారు. ఇదెంత పని అంటూ ఒక ప్రోగ్రాము రాశాను.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. ప్రయోగాలకు ఒక జాబితా, అసలు మనుషులకు ఒక జాబితా, వేర్వేరుగా పెట్టుకోవాలి. క్రిస్మస్ నాటకానికి రిహార్సల్ వేరు, నాటకం వేరు కదా, అలాగన్నమాట. ఆఫీసులో నా తర్వాత చేరినవాళ్లకు దీన్ని బోధించింది నేనే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, నాకు మాత్రం నేను చెప్పిన పాఠమే లోకువైంది. సభ్యులు ఎందరో చూద్దామని ప్రోగ్రామును అసలు జాబితా వైపు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పడం మరిచాను. పనిచేస్తుందో లేదో చూద్దామని, చనిపోయినవారి పేరు అడిగిన చోట 'మార్తమ్మ' అని అవ్వ పేరు కొట్టాను. నన్ను పెంచింది ఆవిడే. ఆవిడకు చావుంటుందని నాకెన్నడూ తోచలేదు.

మెసేజ్ అందరికీ పోయింది. కాసేపటికే ఇంటిముందు ఆటో ఆగింది. అవ్వ గడప దగ్గర చింతచిగురు ఏరుతోంది. దండలతో దిగినవాళ్లను చూసి, "ఎవలు వోయిన్రే?" అంది.

ముందు దిగినామె దండ వీపు వెనక దాచుకుని, "నువ్వేనట అక్కా" అంది.

"నేనా? నాకెవ్వలు చెప్పలేదే!"

అంతలో తుర్కపల్లి నుంచి చిన్నవ్వ, అంటే అవ్వ సొంత చెల్లెలు, గుండెలు బాదుకుంటూ వచ్చింది. పొలంగట్టు తగాదాతో ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. "ఓ అక్కా! నన్ను ఇడిసిపెట్టి పోతివా!" అంటూ అవ్వ పక్కనుంచే లోపలికి దూసుకుపోయింది.

"ఇటు రాయే, నేనీడున్న" అంది అవ్వ.

చిన్నవ్వ తిరిగి చూసింది. ఏడుపు ఆపకుండానే నాలుగు తిట్టి, అక్కను కావలించుకుంది. కాగల కార్యం గంధర్వులు తీరుస్తారంటారు. మా ఇంట్లో కంప్యూటర్ తీర్చింది.

అందరూ నన్ను కడుపారా తిట్టి, చాయ్ తాగి వెళ్లాక అవ్వ అడిగింది. "నేను నిజంగ పోయిననాడు గూడ గిట్లనే వస్తరారా?"

"అందరొస్తరు అవ్వా. మెసేజ్ నేనే పెడ్త."

ఆ మాటకే మురిసిపోయి నా తల నిమిరింది.

మరుసటి వానాకాలం, ఒక పొద్దున అవ్వ లేవలేదు.

మెసేజ్ నేనే పెట్టాను. ఈసారి అసలు జాబితాయే, అసలు కబురే. నా బతుకులో ఒక్క తప్పూ లేకుండా నడిచిన ప్రోగ్రామ్ అదొక్కటే. బదులుగా నవ్వే బొమ్మలు వచ్చాయి. మేడ్చల్ నుంచి ఒకాయన, "మల్ల టెస్టింగా తమ్మీ? ఈసారి చాయ్‌తోని కాదు, బిర్యానీ పెట్టాలె" అని రాశాడు. మధ్యాహ్నమైంది. పక్కింటివాళ్లు, పాస్టరుగారు తప్ప ఎవరూ లేరు. అద్దెకు తెచ్చిన కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. అవ్వకిచ్చిన మాట గుర్తొచ్చి ఏడ్చాను.

చిన్నవ్వకు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే పకపకా నవ్వింది. "నాకెరికేరా! ఫోన్ అక్కకియ్యి, నిన్ను మంచిగ తన్నుమని చెప్త."

"ఇయ్యలేను చిన్నవ్వా."

"పండుకున్నదా? లేపు."

"లేస్తలేదు" అన్నాను. అవతల నవ్వు మెల్లగా ఆగిపోయింది.

ఆ తర్వాత ఆవిడే ఇంటింటికీ ఫోన్ చేసింది. ఆ ఏడుపు విన్నాకే అందరూ నమ్మి, సాయంత్రానికి వచ్చారు. అవ్వ అడిగినట్టే వాకిలి నిండింది.

కాబట్టి నా కీబోర్డు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక బతికున్నంతకాలం ప్రయోగాలకు నా పేరే పెడతాను. పొరపాటున అది ఊరందరికీ పోయినా, "ఫోన్ వాడికియ్యి" అంటే ఎత్తి మాట్లాడటానికి నేనుంటాను.