బస్సులో మరచిపోని తెల్లచీర

నా పెళ్లికి తెల్లచీర తేలేదని నలభై ఎనిమిదేళ్లుగా నన్ను అంటున్నారు. నేను తెచ్చాను. తెచ్చి పెళ్లికూతురి చేతికే ఇచ్చాను.

ఆ రోజుల్లో మా జఫర్‌గఢ్ పక్క పల్లెల్లో చర్చిలో పెళ్లంటే పెళ్లికూతురు తెల్లచీర కట్టవలసిందే. కాని ఒక్క పూట కట్టే చీరను ఎవరు కొంటారు? (తెల్లచీర నాట్లకు పనికిరాదు, పక్కింటి పేరంటానికి అసలే పనికిరాదు.) అందుకని మా సంఘం మొత్తానికి ఒకటే చీర ఉండేది. చర్చి పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, దాన్ని ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచేది. పెళ్లికి ముందురోజు పెళ్లికొడుకే దాన్ని తీసుకెళ్లి అత్తగారింట్లో అప్పజెప్పాలి. మా అక్క కట్టింది అదే, మా మేనత్త కూతురు కట్టింది అదే. ఎవరి పెళ్లిలోనో పడిన పప్పు మరక ఒకటి దానిమీద మిగిలిపోయింది. ఆ మరకను కుచ్చిళ్లలో దాచి కట్టడం కూడా అమ్మగారే నేర్పేది.

నాకు బడి లేదు. గొడ్ల వెంట తిరుగుతూ దుకాణం బోర్డులూ పకోడీ పొట్లాలూ చదివి అక్షరాలు పట్టినవాణ్ని. కాగితం కనబడితే వదలను. అమ్మగారేమో చీరను పాత పేపరులో చుట్టి ఇచ్చింది. మానుకోట (మహబూబాబాద్ మాకు ఇప్పటికీ మానుకోటే) పోయే బస్సులో చీరను ఒళ్లో పెట్టుకుని ఆ పేపరును రెండు వైపులా చదివాను. అది నిజం, ఒప్పుకుంటాను. సగం దారిలో దిగిపోయిన మా చిన్నాయన అంతవరకే చూడటం నా ఖర్మ. నేను దిగినప్పుడు చీర నా చంకలోనే ఉంది.

సాయంత్రం అత్తగారింటికి వెళ్లేసరికి పెళ్లిపిల్ల ఒక్కతే వాకిట్లో ఎండుమిరపకాయలు కుప్ప చేస్తోంది. “అమ్మగారు ఇచ్చింది” అన్నాను. “మంచిది” అని తీసుకుంది. ఇంకేదో తియ్యగా అందామనుకున్నాను గాని ఘాటుకు వరుసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. పెళ్లికి ముందు మేము చెప్పుకున్న కబుర్లు అంతే.

మర్నాడు ఆమె చర్చిలోకి చిలకపచ్చ చీరలో వచ్చింది. ఎర్రంచు చిలకపచ్చ! పాట పాడుతున్నవాళ్లు సగంలో ఆపేశారు.

“ఏంది బిడ్డా గిది? తెల్లచీరేది?” అంది అమ్మగారు.

“ఆయన తేలేదమ్మగారూ” అంది తల వంచుకుని.

వెనక బల్ల మీంచి చిన్నాయన లేచాడు. “నాకెర్కనే! పేపర్ల తలకాయ బెట్టి కూసున్నడు. చీర బస్సుకే గట్టి పంపిండు!”

చర్చి గొల్లుమంది. అయ్యగారు కళ్లజోడు పైనుంచి చూశారు. “నిజమేనా?”

నేను ఆమె వైపు చూశాను. ముఖం కనబడలేదు. చేతిలోని బంతిపూలను మాత్రం ఆ పచ్చచీరకు గట్టిగా అదుముకుంది.

“నిజమే అయ్యగారూ. బస్సుల మర్చిన” అన్నాను.

(ఇందులో నా గొప్ప ఏమీ లేదు. అయ్యగారికి ఆ మధ్యాహ్నం వేరే సంఘంలో ఇంకో పెళ్లి ఉంది. గొడవ పెరిగితే బస్సెక్కి వెళ్లిపోతారేమోనని నా భయం.)

“కానియ్యి. దేవుడు నిన్ను జూస్తడు గాని చీరను జూడడు” అని ఆయన పెళ్లి జరిపించారు.

మూడోరోజు మా ఊరు వచ్చాక ఆమె తన పెట్టెలోంచి తెల్లచీర తీసి, “బస్సాయన మా ఊర్ల ఇచ్చిపోయిండమ్మగారూ” అని అప్పజెప్పింది. దాంతో నా నేరం రుజువైపోయింది. ఆ తరువాత నేను ఏ బస్సెక్కినా ఎవడో ఒకడు, “అన్నా, చీర పైలం!” అని జాగ్రత్త చెప్పేవాడు. ఎందుకు అట్లా చేశావని ఆమెను అడిగితే, “జర ఆగు, పాలు పొంగుతున్నయి” అనేది. మా ఇంట్లో ఆ పాలు నలభై ఎనిమిదేళ్లు పొంగాయి.

పోయిన నెల భూపాలపల్లిలో మా కొడుకు ఇంట్లో మనుమరాలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. పిల్ల ఎర్రచీర కట్టుకుంటానంది. “చర్చిల తెల్లదే గట్టాలె. మంది ఏమంటరు?” అని కొడుకు కసిరాడు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. “తాతా, జర నువ్వన్న చెప్పు” అంది.

నాకు ఎక్కడో ఉన్న కోపం అక్కడికి వచ్చింది. “నన్నడుగుతవేంది బిడ్డా? తెల్లచీర తెచ్చి గూడ తేలేదనిపిచ్చుకున్నోణ్ణి!”

“తెచ్చినవా?” అని నోరు తెరిచాడు కొడుకు. నేను మా ఆవిడ వైపు తిరిగాను. “ఇక్కడ పాలు లెవ్వు, పొయ్యి లేదు. ఇగ చెప్పు.”

ఆమె కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. ముందు కొడుకుతో, “పోరి అడిగింది కొనియ్యిరా” అంది. తరువాత నాతో అంది:

“ఆ పచ్చచీర నేను రెండేండ్లు మిరపకాయలేరి కొనుక్కున్నది. నా పెండ్లికి నా చీరే కట్టాలనుకున్న. తప్పు నాదంటే మార్చుకొని రమ్మంటరు, నీదంటే తిట్టి ఊకుంటరు. అందుకే నీ పేరు చెప్పిన. నీ చేతులతోనే నాకిచ్చినవ్, మల్లా అందరి ముంగట మర్చిన అన్నవ్. గప్పుడే అనుకున్న, ఈ మనిషికి ఎప్పుడు చెప్పినా నడుస్తదని. చెప్దాం చెప్దామనుకుంటనే ముసలిదాన్నయిన.”