సమాధుల తోటలో తాబేలు గూడు

నేను తాబేళ్ళ కాపలా మనిషిని. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊరి ఒడ్డున, చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా తాబేలు గుడ్లు ఏరి, కంచె వేసిన చోట ఇసుకలో పూడ్చి, పిల్లలు పైకొచ్చాక సముద్రంలో వదలడం నా పని. కూర్మావతారం మాది, కాపలా మీదీనా అని పొరుగింటి పిన్ని ఆటపట్టిస్తుంది. మాది ప్రార్థన మందిరానికి వెళ్ళే కుటుంబం మరి. అవతారం ఎవరిదైతేనేం, కుక్కలకి మాత్రం వదలనంటాను. గయ్యాళినని ఊళ్ళో నాకు పేరు. కుక్కల్ని తోలడానికీ, ఒడ్డున లైట్లు వేసేవాళ్ళని ఆపడానికీ ఆ నోరే పనికొస్తుంది.

ఆ ఏడు ఒక తాబేలు నా కళ్ళుగప్పి మా సమాధుల తోట వారగా గుడ్లు పెట్టి పోయింది. ఆ తోట సరుగుడు చెట్ల అంచున, ఇసుకలోనే ఉంటుంది. కుక్క ఒకటి గోకుతుంటే తరిమి చూశాను కాబట్టి తెలిసింది. అప్పటికే చాలా రోజులైపోయింది. లోపల పిల్ల తయారవడం మొదలయ్యాక గుడ్లు కదిపితే పాడైపోతాయి. అందుకని అక్కడే ఉంచి చుట్టూ పాత వల కట్టాను. ఈస్టర్ ముందు రోజు సాయంత్రం చూస్తే గూడు మీద ఇసుక గిన్నెలా కుంగి ఉంది. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని పైకి వస్తున్నాయన్నమాట. తెల్లవారుజాముకి బయటపడడం ఖాయం.

ఈస్టర్ నాడు చీకటితో లేచి, పోయినవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడడం మా ఆనవాయితీ. గాలికి ఆరకుండా కొబ్బరి చిప్పల్లో పెడతాం. తోటంతా వెలుగే. తాబేలు పిల్లలకి వెలుగు ఎటుంటే సముద్రం అటే. అన్నీ సమాధుల్లోకి పాకి, దారి తప్పి, కాకుల పాలవుతాయి.

ఇంటింటికీ తిరిగాను. పాటలు చీకట్లో పాడుకోండి, కొవ్వొత్తులు ఎండొచ్చాక వెలిగించుకోండి అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పాస్టరుగారు వెంటనే సరేనన్నారు. కొందరు సణిగారు. ఈసారి సమాధుల్లోంచి తాబేళ్ళు లేస్తాయన్నమాట అని ఒక మావ నవ్వాడు. నవ్వినా సణిగినా ఒప్పించి వస్తానని నాకు తెలుసు, వచ్చాను కూడా. ఒక్క ఇల్లే మిగిలింది, మా బావది.

మా అక్క కిడ్నీ జబ్బుతో పోయాక వస్తున్న మొదటి ఈస్టర్ అది. డయాలసిస్‌కి ఆమెని పలాస తిప్పిన మనిషి, ఆ పలాసలోనే పొడుగాటి కొవ్వొత్తి ఒకటి కొని తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

“మీ అక్కకి సీకటంటే బయం. నీకు తెల్దేటి?” అన్నాడు.

తెలియకేం. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఒక్క దీపం కనబడినా పిల్లలు అటే పోతాయని, తెల్లారేవరకూ ఆగమని అడిగాను. ఆయన కొవ్వొత్తి చేతిలోకి తీసుకుని వత్తి సరిచేశాడు. నేను అడిగింది న్యాయమే. కానీ ఆ ఇంటి మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది.

చీకటితో అందరూ వచ్చారు, వెలిగించని కొవ్వొత్తులు పట్టుకుని. బావ అందరికన్నా ముందే వచ్చి అక్క సమాధి పక్కన ఇసుకలో కూర్చున్నాడు. చొక్కా జేబులో అగ్గిపెట్టె కనబడుతూనే ఉంది. నా చూపు సగం గూటి మీద, సగం ఆ జేబు మీద. ఊరందరినీ అదిలించే నేను, ఆయన పుల్ల గీస్తే మాత్రం ఆపలేను. ఆయన గీయలేదు.

రెండో పాట సగంలో ఉండగా గూటి దగ్గర ఇసుక కదిలింది. వల పక్కకి లాగేశాను. ఒకదాని మీదొకటి ఎక్కుతూ బయటికొచ్చాయి, గుప్పిట్లో ఇమిడిపోయే నల్లటి పిల్లలు. సముద్రం మీద తూర్పు అప్పుడే తెల్లబడుతోంది. మరెక్కడా వెలుగు లేదు. అన్నీ అటే తిరిగాయి. ఎవరూ ఆపమనకుండానే పాట ఆగిపోయింది. కాకులు వాలకుండా నేనూ ఇంకొందరు ఆడవాళ్ళూ కొంగులు విసురుతూ నీళ్ళదాకా వెంట నడిచాం. చివరిది అలలో కలిసేసరికి సూర్యుడు పైకొచ్చేశాడు. గర్వంగా అనిపించింది నాకు. ఎందుకు అనిపించదు?

తిరిగొస్తే అందరూ కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. ఎండ సూటిగా మొహాల మీద కొడుతోంది. బావ అక్క తలవైపు చిప్ప పెట్టి, అందులో తన కొవ్వొత్తి నిలబెట్టి, పుల్ల గీసి అంటించాడు. ఆ ఎండలో మంట కనబడలేదు. వంగి ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు. చివరికి అరచెయ్యి దాని పైన పట్టి అలాగే ఉంచాడు.

“ఎలుగుతందే” అని అక్కకి చెప్పాడు.