ప్రభుత్వం ఇచ్చిన ఎనిమిది ఉద్యోగాలు

మా పెరట్లోకి వచ్చే జింకకి నేను ఆవకాయ అలవాటు చేశానని, ఇప్పుడది అన్నం ఆలస్యమైతే కొమ్ములతో తలుపు కొడుతుందని అమెరికాలో మేముండే అరోరా ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ నమ్మరు. అయినా తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లో ఎవరో ఒకరు "జింక ఎలా ఉందండీ?" అని అడుగుతారు. "బీపీ వచ్చింది, ఉప్పు తగ్గించాం" అంటాను. యాభై దగ్గరపడ్డ మనిషికి ఆ మాత్రం పేరు చాలనుకున్నాను. నేను కోసిన కోతల్లో ఒక్కదాన్ని మాత్రం ఒకతను నమ్మాడు. ఇది దాని గురించి.

ముందు నా ఉద్యోగం సంగతి. మహమ్మారి రోజుల్లో నా పని పోయింది. అందరిదీ పోయింది. అందరూ ఒకేసారి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టేసరికి ఒక రాష్ట్రంలో (ఏదో చెప్పను) ఆ లెక్కలు చూసే కంప్యూటర్ కూలబడింది. అందులో కోబాల్ అనే పాతకాలపు భాషలో రాసిన, నాకంటే వయసులో పెద్దవైన ప్రోగ్రాములున్నాయి. ఆర్థిక వ్యవస్థను లేపడానికి ప్రభుత్వం కుమ్మరించిన డబ్బులో నాలుగు చుక్కలు ఆ ఆఫీసు మీద పడితే, ఆ చుక్కల్లో మొలిచినవాణ్ని నేను. ఇంట్లోనే కూర్చుని చేసే కాంట్రాక్టు. మిగిలిన నిధులతో ఏటేటా పొడిగిస్తూ వచ్చారు. నెలనెలా శుక్రవారం పూట నిరుద్యోగం అంకెలు వస్తాయి. తగ్గాయంటే దేశం సంతోషిస్తుంది. మా టీమ్‌లో మాత్రం ముఖాలు వేలాడతాయి. జనానికి పని లేకపోతేనే కదా మాకు పని.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో పాట్‌లక్. రియల్ ఎస్టేట్ చేసే పెద్దాయన పప్పుచారు పోసుకుంటూ మొదలుపెట్టాడు.

"గవర్నమెంటు డబ్బులు చల్లితే ధరలు పెరుగుతాయి గానీ జాబ్స్ ఎక్కడ పెరుగుతాయండీ? కుడి జేబులోది తీసి ఎడమ జేబులో పెట్టుకుని సంపాదించాననుకోవడం!"

"సాక్ష్యం నేను లేనూ?" అన్నాను.

"మీరొక్కరే కదండీ."

ఒక్కడినే అనడం నాకు నచ్చలేదు. "ఒక్కణ్ణేమిటి! వచ్చే నెల ఇంకో ఏడుగురిని తీసుకుంటున్నారు. మనుషుల్ని చూడమని మా మేనేజర్ నా ప్రాణం తీస్తోంది" అన్నాను. ఏడూ లేదు, మేనేజర్ నా ప్రాణం తీసిందీ లేదు.

అందరూ నవ్వారు. మా వీధికి రెండు వీధుల అవతల ఉండే తమ్ముడు మాత్రం నవ్వలేదు. సొంత తమ్ముడు కాదు. కరీంనగర్ కుర్రాడు, జావా మీద పనిచేసేవాడు. నా కోతలకి మొదట నవ్వేది ఎప్పుడూ అతనే. ఈసారి జోకు పేలలేదేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున లాప్‌టాప్ బ్యాగ్ భుజాన వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"వారం కింద తీసేసిన్రు అన్నా. ఇంకా ఎవ్వలకు చెప్పలే."

రోజూ ఆఫీసు టైముకి బ్యాగ్‌తో బయల్దేరి సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చుంటున్నాడట. ఇక్కడ మనవాళ్లలో ఉద్యోగం పోయినవాళ్లందరూ చేసే పనే అది. లేకపోతే మనం గుడికి వెళ్లేలోపు కబురు అక్కడికి చేరిపోతుంది. హెచ్-వన్-బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ తీసుకోవాలి, లేదా దేశం వదలాలి. భార్యది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. పాప నాలుగో తరగతి.

"ఆ ఏడు పోస్టులు నిజమేనా అన్నా?"

లేవు అని చెప్పడానికి క్షణం చాలు. అతని ముఖం చూశాను. వాడిపోయిన ముఖం కనిపిస్తే ఉన్నదానికి ఇంకొకటి కలపకుండా ఉండలేని జబ్బు నాది.

"ఎనిమిదయ్యాయి తమ్ముడూ" అన్నాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు లైబ్రరీ మానేసి మా బేస్‌మెంట్‌కి వచ్చేవాడు. కోబాల్ నేర్పడం మొదలుపెట్టాను.

"గిదేం భాష అన్నా? చుక్క పెట్టకుంటే ఏమైతది?"

"ఒక్కోసారి ఊరంతటికీ భృతి ఆగిపోతుంది."

"మల్ల షురూ చేసినవా?"

"ఇది నిజంరా బాబూ!"

నమ్మలేదు. నా నోట వచ్చిన నిజాల గతి అంతే.

నేనూ ఊరికే లేను. సిగ్గు విడిచి మేనేజర్‌ని అడిగాను. నిధులు పొడిగిస్తే ఒక పోస్టు రావచ్చు, చూద్దాం అంది. ఆ చూద్దాం ఏమిటో తెలియనంత అమాయకుణ్ని కాదు. పెళ్లి సంబంధాల్లో మనవాళ్లు ఆ మాట వాడగా ఎన్నిసార్లు విన్నాను! అయినా అతనితో "పని జరుగుతోంది" అన్నాను.

ముప్పై ఎనిమిదో రోజున వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఒక చిన్న కంపెనీ నుంచి అతనికి ఆఫర్ వచ్చింది. పాత జీతంలో సగం కంటే కాస్త ఎక్కువ. వీసా వాళ్లే చూసుకుంటారు. రెండు రోజుల్లో జవాబు చెప్పాలి.

"పాప స్కూలు మధ్యల ఇల్లు మారాలె. నీ దాంట్ల వస్తదంటే దీన్ని ఇడిసిపెడ్త. రాదంటే ఇప్పుడే చెప్పన్నా. నాకేం కోపం రాదు."

టీ తెచ్చిన మా ఆవిడ మెట్ల మీదే ఆగి నా వైపు చూసింది.

"ఆ జీతానికి అంతదూరం ఎందుకు? ఆగు" అన్నాను.

అతను ఆగాడు. వాళ్లకి వద్దని రాసేశాడు.

అతను వెళ్లాక మా ఆవిడ అడిగింది. "ఏడన్నారు, ఎనిమిదన్నారు. ఒక్కటైనా ఉందా?"

"వస్తుంది."

"ఎవరు చెప్పారు?"

కప్పులు తీసుకుని పైకి వెళ్లిపోయాను.

తర్వాతి శుక్రవారం అంకెలు వచ్చాయి. నిరుద్యోగం తగ్గిందని టీవీలో అమ్మాయి పళ్లన్నీ కనిపించేలా చెప్పింది. సోమవారం మా మీటింగ్. దరఖాస్తులు తగ్గాయి, నిధులు ముగిశాయి, టీమ్‌లో సగం మంది చాలన్నారు. పాత ప్రోగ్రాముల పేగులు నాకు తప్ప తెలియవు కాబట్టి నన్ను ఉంచారు.

"గవర్నమెంటు హైరింగ్ ఆపేసింది తమ్ముడూ" అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఎనిమిదీ ఉండి, పైవాడెవడో లాగేసుకున్నట్టు చెప్పాను, అంతే.

అల్ఫారెట్టాకి ఫోన్ చేస్తే, ఆ పోస్టులో వేరే మనిషి చేరిపోయాడన్నారు. విజిటర్ వీసాకి మార్చుకుని ఇంకొన్నాళ్లు ఉండమన్నాను. ఇంకో గడువు లెక్కపెట్టే ఓపిక లేదన్నాడు. యాభై ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆ ముగ్గురినీ, తొమ్మిది పెట్టెలనీ ఎయిర్‌పోర్ట్‌లో దింపింది నేనే. దారిలో పాప వెనక సీట్లో తన ఫ్రెండ్స్ పేర్లు మెల్లగా చెప్పుకుంటోంది. మరిచిపోకుండా ఉండడానికట.

"నువ్వు మస్తు ట్రై చేసినవ్ అన్నా. నీ తప్పేం లేదు" అన్నాడతను.

నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను.

నిరుద్యోగుల లెక్క కొన్ని ఇళ్లను ఎంచుకుని, అక్కడివాళ్లని అడిగి వేస్తారట. పని ఉందా, లేకపోతే వెతుకుతున్నారా అని. తాళం వేసిన ఇంట్లో చెప్పేదెవరు? హైదరాబాద్‌లో పని వెతుక్కునేవాడు ఈ లెక్కలోకి రాడు. విమానం ఎక్కి అతను కూడా తన వంతు నిరుద్యోగాన్ని తగ్గించి వెళ్లాడు.

కొన్నాళ్లకి మా వాట్సాప్ గ్రూప్‌లో పెద్దాయన మళ్లీ అదే చర్చ లేవదీశాడు. హైదరాబాద్ నుంచి తమ్ముడి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"గవర్నమెంటు పైసలతోని జాబులు రావు సార్. ఎనిమిది పోస్టులుండె. నేను దగ్గరుండి చూసిన. ఆఖరికి ఆపేసిన్రు. కావాలంటే అన్నను అడుగుండ్రి."

అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. గ్రూప్‌లో ప్రభుత్వం డబ్బుతో ఉద్యోగం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. "అసలు ఆ పోస్టులు" అని మొదలుపెట్టి చెరిపేశాను. "నిజమే" అని రాసి పంపాను.

వంటింట్లో, అదే గ్రూప్‌లో ఉన్న మా ఆవిడ ఫోన్ టింగుమంది. చూసింది. బోర్లించి పెట్టి, మళ్లీ బెండకాయలు తరగడం మొదలుపెట్టింది.