సోడా డాక్టరు

కొందరు ఇల్లరికం వెళతారు. ఈయన ఆస్పత్రరికం వెళ్ళాడు. భార్యకు అన్న అయినవాడు పేరున్న వెన్నెముక సర్జన్, ఆ ఆస్పత్రికి యజమాని. ఈయన అక్కడ మత్తు డాక్టరు. జీతమిచ్చేవాడూ జోకులేసేవాడూ ఒకడే అయినప్పుడు నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమవుతుంది. ఆ భాగాన్ని ఈయన ఏనాడూ ఎగ్గొట్టలేదు.

ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకునేవారు. బావల మధ్య పరాచికాలు తప్పు కాదంటారు. నిజమే, పెళ్ళి భోజనాల దగ్గర తప్పు కాదు. వీళ్ళు వాటిని ఆపరేషన్ గదిలోకి కూడా మోసుకొచ్చారు. ఒకడు కోస్తూ విసిరేవాడు, ఒకడు మత్తిస్తూ పళ్ళికిలించేవాడు. మామూలు గొంతుతో ఒక్క మాట చెప్పుకోవడం ఇద్దరూ ఎప్పుడో మరిచిపోయారు.

వెన్నెముక ఆపరేషన్‌కి మనిషిని బోర్లా పడుకోబెడతారు. కోసిన చోటు గుండెకన్నా ఎత్తున ఉంటుంది. చెక్కిన ఎముకలో నోరు తెరుచుకున్న సిరలు ఒక్కోసారి గాలిని పీల్చుకుంటాయి. ఆ గాలి గుండెలో చేరి రక్తం దారికి అడ్డం పడితే మనిషి బల్ల మీదే పోతాడు. అందుకే పెద్ద కేసుల్లో మత్తు డాక్టరు రోగి నోట్లోంచి అన్నవాహికలోకి ఒక గొట్టం దించి, గుండెను వెనకనుంచి అల్ట్రాసౌండుతో చూస్తూ కూర్చుంటాడు. తెర మీద రక్తం నల్లగా ఉంటుంది, గాలి బుడగ తెల్లగా మెరుస్తుంది.

ఒకసారి నర్సు సెలైన్ గొట్టంలోకి మందెక్కించినప్పుడు నాలుగు చుక్కలు మెరిశాయి. మందుతోపాటు వెళ్ళే అలాంటి బుడగలు ప్రమాదం కాదు. ఈయన కంగారుపడి “గాలి, గాలి!” అని అరిచాడు. సంగతి తెలిశాక బావగారు పొట్ట పట్టుకుని నవ్వి, “మా బావ సోడా డాక్టరు, బుడగలు లెక్కపెడతాడు” అన్నాడు. ఆ పేరు వంటింటిదాకా పాకింది. చివరికి భార్య కూడా వాడింది. ఈయన దానికీ నవ్వాడు. నవ్వి నవ్వి తన నోటికి తనే విలువ లేకుండా చేసుకున్నాడు.

ఆ పొద్దున బల్ల మీద ఉన్నది ఒక టైలరమ్మ. కుట్టుమిషన్ మీద వంగీ వంగీ కాదు, చిన్నప్పటినుంచే ఆమె వెన్ను వంకర. దాన్ని నిటారు చేయడానికి సర్జన్ ఎముకను చాలా మేర చెక్కుతున్నాడు.

తెర మీద ఒక చుక్క మెరిసింది. తర్వాత పది. ఈయన నర్సువైపు తిరిగాడు.

“ఏమన్నా ఎక్కించావా అమ్మా?”

“లేద్సార్, నేను ముట్టుకోలేదు.”

చుక్కలు గుంపు కట్టాయి. గుండె కుడి గది తెల్లబడుతోంది.

“బావా, గాలి వెళ్తోంది.”

“వెళ్ళనీ బావా, దానికీ ఏదో పనుంటుంది.”

గదంతా కిసుక్కుమంది. అలవాటుపడ్డ ఈయన పెదాలు మాస్కు కింద నవ్వడానికి సాగాయి కూడా, సిగ్గులేని పెదాలు.

“బావా, నిజంగా...”

“సోడాకి ఐసు కూడా కావాలా?”

ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ అంకె జారింది, రక్తం దారి మూసుకుంటోందనడానికి గుర్తు. వెనకే బీపీ జారడం మొదలుపెట్టింది. అప్పుడు ఈయన కుర్చీలోంచి లేచాడు.

“డాక్టర్ గారూ, చెయ్యి తియ్యండి. గాయం నిండా నీళ్ళు పొయ్యండి. ఇప్పుడే.”

నవ్వు టక్కున తెగింది. ఆ ‘గారు’ ఆ బావల మధ్య ఎవరూ వినని మాట. సర్జన్ చెయ్యి తీశాడు. సిరలకు గాలి అందకుండా సెలైన్‌తో గాయాన్ని ముంచెత్తి, తడి గుడ్డలు కప్పి, ఎముకకు మైనం అద్దారు. ఈయన పూర్తి ఆక్సిజన్ పెట్టి, మెడ సిరలోంచి గుండె దగ్గరికి ముందే వేసి ఉంచిన సన్న గొట్టంలోంచి గాలి లాగాడు. తెర మెల్లగా నల్లబడింది. సాయంత్రానికి టైలరమ్మ కాలివేళ్ళు కదిపి, మంచినీళ్ళడిగింది.

ఇంట్లో మాత్రం మంచినీళ్ళు కూడా పుట్టలేదు.

“మా అన్నయ్యని నలుగురిలో పరాయివాణ్ణి పిలిచినట్టు పిలిచావట!” అంది భార్య.

“ఆవిడ బతికింది.”

“బతికితే బతికింది. అన్నయ్య అన్నం ముట్టలేదు, తెలుసా? రేపటినుంచి ఆ గొట్టమూ వద్దు, ఆ తెరా వద్దు అంటున్నాడు. ఫోన్ చేసి ‘సరదాకన్నాను బావా’ అను. ఒక్క మాటతో పోయేదానికి...”

మనిషి ప్రాణం జారుతుంటే ఐసు గురించి అడిగిన పెద్దమనిషికి, ఒక ‘గారు’ తగిలి అన్నం సయించలేదట! మర్యాద చేస్తే దెబ్బతినే జాతి బావలదొక్కటే కాబోలు.

రేపు బల్లెక్కేది ఒక లారీ డ్రైవరు. వాడిదీ పెద్ద కేసే. ఈయన ఫోన్ తీశాడు.

“బావా...”

“ఎవరండీ మాట్లాడేది?” అంది అవతలి గొంతు.

జోకో, అలకో తెలియలేదు. పక్కన భార్య ‘నవ్వు, నవ్వు’ అని సైగ చేసింది. ఈయన గొంతు సవరించుకున్నాడు.

“మత్తు డాక్టర్నండీ. రేపటి కేసుకి గొట్టం ఉంటేనే నేను మత్తిచ్చేది. లేదంటే ఇంకొకర్ని చూసుకోండి.”



“సరే, డాక్టర్ గారూ” అన్నాడు అవతల బావగారు. ఎత్తిపొడుపే. కానీ నవ్వలేదు.

ఈయనా నవ్వలేదు. ఫోన్ పెట్టేసి, తనే లేచి వెళ్ళి మంచినీళ్ళు ముంచుకున్నాడు.