పావు వోల్టు కూడా లేదు

చెప్పుల్లేకుండా కరెంటు డబ్బా ముట్టుకోవద్దని ఆర్మూరులో కనబడిన వాళ్లందరికీ చెప్పే మోటారు మెకానిక్‌ని నేను. అలాంటి నేనే ఇవాళ మధ్యాహ్నం చెప్పులు విప్పాను.

వేల్పూరు దగ్గర గంగారాం పటేలు పసుపు చేనుకి కొత్త మోటారు బిగించడానికి వెళ్లాను. అక్కడి పాత స్టార్టర్ డబ్బా దగ్గరే ఆయన అన్న షాక్ కొట్టి పోయాడు. కరెంటు ఉందో లేదో చేతి వెనక వైపుతో తాకి చూడటం ఆ పెద్దాయన అలవాటట. ఆయన పోయిన రోజే స్తంభం దగ్గర తీగ కోసేశారు. నాలుగేళ్లుగా ఆ డబ్బాను ఎవరూ తెరవలేదు.

నేను తెరిచి, ఆ తెగిన తీగకే మీటరు పెట్టాను. 228 అని చూపించింది. ఇళ్లలో వచ్చే కరెంటంత! మీటరు గంగారాంకి చూపించాను. గంగారాం చెప్పులు విప్పి డబ్బాకు దండం పెట్టాడు.

"అన్నా, జర పక్కకు జరుగు. కొత్త మోటరు పెడుతున్నం."

నేనూ విప్పాను. అప్పుడు కనిపించింది, అంకె పక్కన మిల్లీ వోల్టుల గుర్తు.

"పటేలా, దీన్ని వెయ్యితోని భాగించాలె. పావు వోల్టు గూడ లేదు. పక్కన లైను పోతుంటే ఉత్త తీగ గూడ గట్లనే చూపిస్తది" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు.

"అంటే అన్న పోలేదు తమ్మీ. తగ్గిండు."

కొత్త డబ్బాను రెండు గజాలు దూరంగా బిగించి వచ్చాను. పావు వోల్టుకి పక్కకు జరిగిన మెకానిక్‌ని నేనొక్కణ్ణేనా, మీలో ఇంకెవరైనా ఉన్నారా?