ఉస్తాద్ సీటు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా రోడ్డు పక్క టీ హోటళ్ళవాళ్ళందరికీ శాంతవ్వ కొడుకు నగేశ్ తెలుసు. ఇరవై ఒక్క ఏళ్ళకే లోడు లారీ పట్టాడని మెచ్చుకుంటారు. ఆ మాట చెవిన పడగానే అతను తల వంచుకొని గ్లాసులోకి చూస్తాడు. అణకువ గల పిల్లగాడని వాళ్ళనుకుంటారు. అది అణకువ కాదు. ఆ సీటు తనకెట్లా వచ్చిందో అతనికి తెలుసు.

ఇంటర్ తప్పిన ఏడు శాంతవ్వ బీడీల చాట పక్కన పెట్టి, కొడుకును వెంటబెట్టుకొని యాకూబు ఇంటికి పోయింది. యాకూబు చక్రధర్ సేటు లారీకి డ్రైవరు. ఇరవై ఏడేళ్ళుగా అదే యజమాని, అదే రోడ్డు.

"నీ చేతుల పెడ్తున్న అన్నా. కొట్టినా తిట్టినా పని నేర్పియ్యి" అందామె.

"నేను కొట్టుడెందుకు చెల్లే? బండి దులిపే దులుపుడు చాలదా?" అని నవ్వాడు యాకూబు.

అట్లా నగేశ్ క్లీనరుగా ఎక్కాడు. మూడేళ్ళు యాకూబు అతని మీద చెయ్యి ఎత్తలేదు. ఎండకు కాలిన సీటు మీద తన తువ్వాల తడిపి పరిచి, "ఇప్పుడు కూసో" అనేవాడు. టిఫిన్ డబ్బా విప్పితే మొదటి రొట్టె పిల్లవాడి చేతిలో పడేది. మంగళవారం హనుమాన్ల గుడి ముందు, నగేశ్ దండం పెట్టుకునే దాకా బండి నెమ్మదిగా పోనిచ్చేవాడు. శుక్రవారం మసీదు దగ్గర ఆగితే, ఆయన కాళ్ళు కడుక్కోవడానికి నగేశ్ నీళ్ళ డబ్బా దించేవాడు. ఎవరి దేవుడు వారికి ఉన్నా, ఆ బండిలో భయమూ భక్తీ ఒకటే.

నగేశ్‌కు పెద్ద బండి లైసెన్సు వచ్చిన రోజు యాకూబే మిఠాయి పంచాడు. కానీ లోడు బండి మాత్రం ఇంకో ఏడాది నగేశ్‌కు ఇవ్వొద్దని సేటు గట్టిగా చెప్పాడు. ఖాళీ బండే నగేశ్ వంతు.

కష్టమంతా ఆ యాసంగి కోతల కాలంలో మొదలైంది. ఎల్లారెడ్డి కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తాలు ఎత్తుకొని పొద్దున్నే కామారెడ్డి మిల్లుకు పోవాలి. పోయేది తూర్పుకు. లేచే సూర్యుడు నేరుగా కళ్ళలో పడతాడు. లింగంపేట దాటిన తర్వాత ఒకనాడు గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. బండి వేగం తగ్గలేదు.

"ఉస్తాద్! గొర్లు!" అని నగేశ్ కేక పెట్టాడు.

బ్రేకు పడింది. కాపరి కర్ర ఎత్తి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. యాకూబు ఇంజను ఆపి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"కండ్లల్ల పొర వచ్చింది బేటా" అన్నాడు. "ఎండ ఎదురైతే అంత తెల్లగ పాల లెక్క కొడ్తది. ఈ వడ్లు అయిపోంగనె ఆపరేషన్ చేపిచ్చుకుంట. నెల రోజులు. గప్పటిదాక సేటుకు చెప్పకు. చెప్తవా?"

"చెప్ప ఉస్తాద్" అన్నాడు నగేశ్.

అప్పటి నుంచీ ఎడమ కిటికీ దగ్గర కూర్చొని దారంతా చెప్తూ పోయాడు. సైకిలు, బర్రె, ఆటో, గుంత. యాకూబు ఆ గొంతును నమ్మి నడిపాడు. అది తప్పని ఇద్దరికీ తెలుసు. రోడ్డు మీద నడిచే వాళ్ళంతా ఎవరో కన్న బిడ్డలే కదా! ఆ భయంతోనే నగేశ్ సేటుకు చెప్పి ఉంటే, ఈ కథ చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

పది రోజుల తర్వాత వాళ్ళ వాడకట్టు దోస్తు అక్షయ్ పది మంది ముందు, "ఏందిరా, లైసెన్సు జేబుల పెట్టుకొని టైర్లు తుడుస్తున్నవ్? గా లైసెన్సుతోనే తుడువరాదు" అన్నాడు. అందరూ నవ్వారు. మరునాడు సేటు బస్తాలు చూడడానికి వచ్చినప్పుడు నగేశ్ అడిగాడు.

"సేటూ, నాకు లోడు ఎప్పుడిస్తవ్?"

"తొందరేందిరా? యాకూబు ఉన్నడు గదా."

"ఉస్తాద్‌కు కండ్లు కనబడ్తలేవు సేటూ."

అనేశాడు. అనేటప్పుడు గొర్రెలు గుర్తు రాలేదు, కాపరి గుర్తు రాలేదు. స్టీరింగు ఒక్కటే గుర్తుంది. నిజం చెప్పడం పుణ్యమని బడిలో సార్లు చెప్పారు. నిజాన్ని కూడా దొంగ సొమ్ములాగా వాడుకోవచ్చని అతనికి ఆ రోజే తెలిసింది.

సేటు తిట్టలేదు, అరవలేదు. రెండు రోజులు ఊరుకొని, కామారెడ్డి మిల్లులో లారీలు తూచే కాంటా దగ్గరికి వచ్చాడు. లోడు బండి కాంటా మీద నిలబడి ఉంది. కాంటా గది గోడకు ఉన్న డబ్బాలో ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి.

"యాకూబూ, బండి ఎంత తూగిందో చదువు" అన్నాడు సేటు.

"ఏంది సేటూ, నన్ను మళ్ళ బడికి పంపుతవా?"

"చదువయ్యా."

యాకూబు చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకొని చూశాడు. రెండడుగులు ముందుకు వేశాడు. బస్తాల మీద కూర్చున్న హమాలీలు ఇటు తిరిగారు. "సాయిబూ, గోడ కనబడ్తుందా, గా మాట చెప్పు ముందుగాల!" అని ఒకడు అరిచాడు. నవ్వులు లేచాయి.

యాకూబు మెల్లగా నగేశ్ వైపు తిరిగాడు. అడగలేదు. అలవాటైన చూపు అది. ఇన్నాళ్ళూ ఎడమ వైపు నుంచి వచ్చిన గొంతు కోసం చూసిన చూపు. అంకెలు నగేశ్‌కు స్పష్టంగా కనబడుతున్నాయి. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట సేటును ఆపేది కాదు గానీ, ఆ ముసలాయన అక్కడ ఒంటరిగా నిలబడి ఉండేవాడు కాదు. నగేశ్ వంగి, ఇనుప రాడుతో వెనక టైరు కొట్టి చూస్తున్నట్టు నటించాడు.

సేటు యాకూబు చేతిలోంచి తాళం తీసుకున్నాడు. "ఆపరేషన్ చేపిచ్చుకో. మనిషి ప్రాణం పోతే నేను ఎవలికి జవాబు చెప్పాలె?" అని, తాళం నగేశ్‌కు ఇచ్చాడు.

యాకూబు క్యాబిన్ ఎక్కి తన టిఫిన్ డబ్బా, జపమాల తీసుకున్నాడు. సీటు మీది దూది దిండు తీయబోయి ఆగాడు.

"ఇది ఉండనియ్యి బేటా. కింద స్ప్రింగు లేచింది, గుచ్చుతది" అన్నాడు.

ఆ రాత్రి శాంతవ్వ కొడుకుకు దిష్టి తీసింది. తెల్లవారి ఆమె కొబ్బరికాయ, కొత్త తువ్వాల, పావు కిలో జిలేబీ సంచిలో పెట్టుకొని నిలబడింది.

"నడువ్, ఉస్తాద్ ఇంటికి."

"ఎందుకవ్వా? ఆయనకు పానం బాగ లేదు."

"ఉస్తాద్ పక్కకు కూసోకుంట మొదటి లోడు పడ్తవారా? ఏ డ్రైవరు చేసిండు గట్ల? పాపం తగుల్తది."

ఏం జరిగిందో ఆమెకు తెలియదు. యాకూబుకు కళ్ళు మసకబారాయని, సేటు నగేశ్‌ను పిలిచి బండి ఇచ్చాడని మాత్రమే తెలుసు. ఆమె ముందు నడుస్తుంటే నగేశ్ దొంగలాగా వెనక నడిచాడు. యాకూబు గడపలోనే కూర్చొని ఉన్నాడు. శాంతవ్వ తువ్వాల ఆయన భుజం మీద వేసి, "అన్నా, నీ పిల్లగాడు. వచ్చి పక్కకు కూసో" అంది.

యాకూబు కొత్త తువ్వాలను చేత్తో తడిమి చూశాడు. "మంచిగున్నది చెల్లే" అని లేచాడు.

కొనుగోలు కేంద్రంలో లోడు ఎత్తారు. శాంతవ్వ టైరు ముందు కొబ్బరికాయ కొట్టింది. యాకూబు ఎడమ పక్కన, క్లీనరు సీటులో కూర్చున్నాడు. "బిస్మిల్లా. ఇగ పోనియ్యి" అన్నాడు. దారిలో అవసరమైన మాటలే అన్నాడు. "ముందల మలుపు. రెండో గేరు." కళ్ళకు కనబడని రోడ్డు ఆయన ఒంటికి తెలుసు. లింగంపేట దాటాక నగేశ్ బండి పక్కకు తీసి ఆపాడు.

"ఉస్తాద్, సేటుకు చెప్పింది నేను."

"తెలుసు."

నగేశ్ ఆయన వైపు తిరిగాడు.

"నా కండ్ల సంగతి ముగ్గురికే ఎరుక. నాకు, నీకు, అల్లాకు. అల్లా వచ్చి సేటు చెవుల చెప్పడు గదా!" అన్నాడు యాకూబు. ఆ హాస్యానికి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"మరి ఎందుకొచ్చినవ్ ఉస్తాద్?"

"మీ అవ్వ వచ్చింది. ఆమె ఏం తప్పు చేసింది?"

ఒక బస్సు పక్కనుంచి పోయింది. అది పోయేదాకా యాకూబు ఆగాడు.

"చెప్పినవని కోపం లేదు. నేను ఎవలనన్న గుద్దుతుంటి. చెప్పుడే మంచిగైంది. నువ్వు ఎందుకు చెప్పినవో నీకు తెలుసు, గది నువ్వూ నీ దేవుడూ చూసుకోండ్రి. గానీ కాంటా కాడ నేను నీ దిక్కు చూసిన బేటా. నువ్వు టైరు దిక్కు చూసినవ్. గది మర్సిపోదామంటె అయితలేదు."

"తప్పైంది ఉస్తాద్."

"ఊఁ. పోనియ్యి. వడ్లు ఎండకు ఎండితె తూకం తగ్గుతది."

తాడ్వాయి దాటి కామారెడ్డి చేరారు. మిల్లు గేటులోకి బండి తిప్పగానే అవే బస్తాలు, అదే నీడ, వాళ్ళే హమాలీలు. యాకూబును ఎడమ సీటులో చూసి నిన్న అరిచిన మనిషే లేచి నిలబడ్డాడు.

"ఏం సాయిబూ, క్లీనరువైనవా? ఇగ అంకెలు నేర్సుకుంటున్నవా?"

నగేశ్ బండిని కాంటా మీద నిలిపి దిగాడు. అందరికీ వినబడేట్టు మాట్లాడడం అతనికి ఎన్నడూ చేతకాదు. బడిలో ప్రార్థన చెప్పమంటే కూడా వెనక వరుసకు పోయేవాడు.

"అన్నా, ఈయన మా ఉస్తాద్. కండ్లల్ల పొర వచ్చింది, ఆపరేషన్ చేపిస్తే పోతది. నాకు ముందే తెలుసు. చెప్పనని మాట ఇచ్చి, సీటు కోసమని సేటుకు చెప్పింది నేను. నిన్న మీరంత నవ్వంగ అంకెలు కనబడ్డా నోరు మూసుకున్నది గూడ నేనే. నవ్వితే నన్ను నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. పొగడనూ లేదు. ఒకాయన బీడీ పారేసి బస్తాల వైపు పోయాడు. అరిచిన మనిషి తల గోక్కున్నాడు. కాసేపటికి మట్టి కుండలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచి, క్యాబిన్ కిందికి తెచ్చి యాకూబు చేతికి అందించాడు. గ్లాసు అంచు ఆయన వేళ్ళకు తగిలేదాకా పట్టుకొని ఉన్నాడు.

యాకూబు నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చాడు. నగేశ్ కిందే నిలబడి ఉన్నాడు. చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. ముఖం మండుతూనే ఉంది.

"అయిపాయెనా ముచ్చట?" అన్నాడు యాకూబు కిటికీలోంచి. "వెనుక నాలుగు బండ్లు ఆగినయ్. ఎక్కు. ముందటికి తియ్యి."

నగేశ్ ఎక్కాడు. క్లచ్ తొందరపడి వదలడంతో బండి ఒక్క కుదుపు కుదిపింది. యాకూబు ముందున్న కడ్డీ పట్టుకున్నాడు.

"మెల్లగ" అన్నాడు. బేటా అనలేదు.

నగేశ్ మెల్లగా తీశాడు.