గట్టయ్య నేల, లచ్చయ్య తోలు

బూట్లు కుట్టేవాళ్ళు సికింద్రాబాదులో వంద మంది ఉండొచ్చు. బూటు అడుగు చూసి, దాన్ని తొడుక్కున్నవాడు బంతిని కుడికాలితో తంతాడా ఎడమకాలితో తంతాడా చెప్పగలిగినవాడు మాత్రం తానొక్కడేనని తార్నాక లచ్చయ్య నమ్మకం. ఆ నమ్మకాన్ని లోపల దాచుకున్న పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. చౌరస్తాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుని, చెప్పు తెగి వచ్చిన ప్రతివాడికీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు సంగతులు చెప్పేవాడు. విననివాడి చెప్పు ఒక పట్టాన తయారయ్యేది కాదు.

అలాగని ఎవరూ కోపగించుకునేవారు కాదు. అవి అరవై ఏడో సంవత్సరం రోజులు. ఫుట్‌బాల్ పిచ్చి లేనివాణ్ణి ఆ చుట్టుపక్కల వెతికి పట్టుకోవలసి వచ్చేది. మ్యాచ్ ఉన్న రోజు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సైరన్ కూయగానే పనివాళ్ళు నూనె చేతులతోనే సైకిళ్ళెక్కి క్యాంపస్ గ్రౌండుకు వచ్చి పడేవారు.

లచ్చయ్యది జనగామ దగ్గరి పల్లె. తండ్రి మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. చుక్క నీరు కారని కుట్టు ఎలా వేయాలో కొడుక్కి నేర్పింది ఆయనే. పల్లెలో మోటలు తగ్గిపోయాక లచ్చయ్య పట్నం చేరాడు. చెప్పులతో మొదలుపెట్టి, పదిహేనేళ్ళ కిందట ఒక విద్యార్థి తెచ్చిన చిరిగిన ఫుట్‌బాల్ బూటును కొత్తదానిలా చేసి ఇచ్చాడు. అప్పటినుంచి జట్టు బూట్లన్నీ ఆయన చేతికే వచ్చేవి.

అందులో అసలు విద్య స్టడ్లది. తోలు బిళ్ళలు పొర మీద పొర పేర్చి, సన్నమేకులతో బూటు అడుగున బిగించే గుబ్బలవి. నేల మెత్తగా ఉంటే పొడుగువి వేయాలి, దిగబడి కాలు నిలుస్తుంది. నేల గట్టిగా ఉంటే పొట్టివే మేలు. అక్కడ పొడుగువి వేస్తే అవి దిగవు, ఆటగాడు కొయ్యకాళ్ళ మీద నడిచినట్టు తూలిపోతాడు. ఏ మ్యాచ్‌కి ఏవి వేయాలన్న నిర్ణయం పదిహేనేళ్ళుగా లచ్చయ్యదే. కెప్టెన్లు మారారు, చదువులు ముగించుకుని ఉద్యోగాలకు పోయారు, పిల్లల తండ్రులయ్యారు. స్టడ్ల విషయంలో మాత్రం లచ్చయ్య మాటకు తిరుగు లేదు.

ఆయనకు ఒక్కటే కొరత. మ్యాచ్ జరిగేటప్పుడు జట్టు పెద్దలు షామియానా కింద కుర్చీల్లో కూర్చునేవారు. లచ్చయ్య మాత్రం గోలు స్తంభం వెనక, నీళ్ళ పంపు పక్కన, గోనెపట్టా మీద కూర్చునేవాడు. "నా బూట్లు లేకుంటె గా కుర్చీలల్ల కూసునెటోళ్ళకు చూడనీకె ఏముంటుండె?" అని భార్య సాలమ్మ దగ్గర వాపోయేవాడు. "కుర్చీల కూసుంటె నీ బూట్లు ఎవరు కుడ్తరు?" అని ఆమె కొట్టిపారేసేది. ఆమెకేం తెలుసు.

పంపు దగ్గర ఆయనకు తోడు గట్టయ్య. గ్రౌండు మాలి. పద్నాలుగేళ్ళుగా గడ్డికి నీళ్ళు పెట్టడం, రోలర్ తిప్పడం, సున్నంతో గీతలు గీయడం, గోలుకు వలలు కట్టడం అన్నీ అతని పని. లచ్చయ్య కంటే నాలుగైదేళ్ళు పెద్ద. మాట్లాడితే ఏదో ఖర్చయిపోతుందన్నట్టు ఉంటాడు. లచ్చయ్య మాటలు, గట్టయ్య మౌనం, ఇద్దరి మధ్యా ఒక బీడీ కట్ట. స్నేహం బాగానే సాగింది.

ఆ అక్టోబరులో బెంగుళూరు నుంచి వచ్చిన జట్టుతో మ్యాచ్ పడింది. గెలిచినవాళ్ళు పైపోటీలకు పోతారు, ఓడినవాళ్ళ ఆట ఆ ఏటికి ముగిసినట్టే. ముందురోజు రాత్రంతా వాన. పొద్దున్నే లచ్చయ్య మూటెడు బూట్లతో పంపు దగ్గరికి వచ్చి, కుడిమడమతో నేలను గట్టిగా నొక్కి చూశాడు. మడమ అంగుళం దిగింది. ఇంకేముంది, పటకారు తీసి పొట్టి స్టడ్లు ఊడబెరకడం మొదలుపెట్టాడు.

గట్టయ్య సున్నం బకెట్ పట్టుకుని అటుగా వచ్చి ఆగాడు. "పొట్టియే ఉండనియ్యి తమ్మీ. వాన పైపైన పడ్డది. కింద అంత బండనే. పదకొండు దాటిందంటె గచ్చు లెక్క అయితది."

"ఏంది బండ? మడమ దిగవడ్డది, జూడు."

"గది పంపు కాడ. దినాం నీళ్ళు పారె జాగ. నడిమిట్లకు పోయి చూడరాదు?"

"గట్టన్నా, నేల నీది, తోలు నాది. తోలు ముచ్చట నాకిడిసిపెట్టు."

గట్టయ్య బకెట్ ఎత్తుకుని గీతలు గీయడానికి పోయాడు. నడిమికి పోవాలంటే యాభై అంగలు. లచ్చయ్య లేచి వేయలేదు. పదిహేనేళ్ళుగా తాను కూర్చున్న చోటే గ్రౌండంతా అనుకున్నాడు మహానుభావుడు. మధ్యాహ్నానికి పదకొండు జతలకూ పొడుగు స్టడ్లు బిగించి, మీసం మెలేసి, కెప్టెన్ వెంకటేశానికి అప్పగించాడు.

పొద్దున తొమ్మిదింటి నుంచే ఎండ కాస్తోంది. సాయంత్రం మ్యాచ్ మొదలైన ఐదు నిమిషాలకే లచ్చయ్యకు సంగతి అర్థమైంది. మనవాళ్ళు పరుగు తీస్తే జారుతున్నారు, మలుపు తిరిగితే కూలబడుతున్నారు. బూట్ల కింద నేల టకటకమంటున్న చప్పుడు పంపు దాకా వినిపిస్తోంది. బెంగుళూరు వాళ్ళు మన బ్యాకులను దాటుకుని వెళ్ళి తాపీగా ఒక గోలు కొట్టారు. లాలాగూడ ఫిట్టర్ రాజన్న, మూడు వీధులకు వినబడే గొంతు గలవాడు, గీత పక్కన నిలబడి అరిచాడు. "ఓ గట్టయ్యా! గ్రౌండుకు గ్రీజు పెట్టినవా ఏంది?" జనమంతా నవ్వారు.

సగం ఆట విరామంలో ఫిజికల్ డైరెక్టర్ గారు పంపు దగ్గరికి వచ్చి గట్టయ్య మీద ఒంటికాలి మీద లేచారు. "వానపడ్డ నేల మీద అంతసేపు రోలర్ ఎవరు తిప్పమన్నరు నిన్ను? పోరగాండ్లకు కాలు నిలుస్తలేదు. రేపటి సంది గ్రౌండ్ మొఖం చూడకు. హాస్టల్ ఎనక తోటల నీళ్ళు పట్టుకో, పో!"

అదే నేల మీద బెంగుళూరు వాళ్ళు చక్కగా పరుగెడుతున్నారు కదా అన్న ఆలోచన కోపంలో ఉన్నవాడికి రాదు. గట్టయ్య తల వంచుకుని నిలబడ్డాడు. లచ్చయ్య నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో వెంకటేశం బూట్లు విప్పి ముందర పడేశాడు. "లచ్చన్నా, ఏమన్న చెయ్యి. పది నిమిషాలే ఉన్నయి." పది నిమిషాల్లో చెప్పడం, చేయడం రెండూ కుదరవని లచ్చయ్య తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

మళ్ళీ పొట్టి స్టడ్లు కొట్టే వ్యవధి లేదు. చెప్పుల అడుగులకని దాచుకున్న పాత సైకిల్ టైరు ఆయన మూటలో ఉంది. తోలు కోసే రంపెతో దాన్ని అడ్డపట్టీలుగా కోశాడు. పొడుగు స్టడ్లు పీకి, బూటు అడుగున ఒక్కో పట్టీ అడ్డంగా పెట్టి నాలుగు మేకులు దిగ్గొట్టడం, అంతే పని. కానీ ఒక్క మనిషి చేతులు చాలవు. పక్కన ఎవరో కూర్చున్నట్టయి చూస్తే గట్టయ్య.

"పటకారు ఇటియ్యి" అన్నాడు. గట్టయ్య పీకుతుంటే లచ్చయ్య కొట్టాడు. రిఫరీ విజిల్ వేసేసరికి ఐదు జతలయ్యాయి. మిగతా ఆరుగురూ అవే పొడుగు స్టడ్లతో దిగారు.

ఆ ఐదు జతలే ఆటను నిలబెట్టాయి. వెంకటేశం, ఇద్దరు బ్యాకులు, ఇద్దరు ఫార్వర్డులు నేలను పట్టుకుని ఆడారు. తూలేవాళ్ళు తూలుతూనే అడ్డం పడ్డారు. మోకాళ్ళు చిట్లాయి, ఒకడి మోచేయి చెక్కుకుపోయింది, ఎవరూ బయటికి రాలేదు. ఇరవై నిమిషాలకు ఒక గోలు తిరిగొచ్చింది. ఆఖరి రెండు నిమిషాల్లో వెంకటేశం కుడివైపు నుంచి దూసుకొచ్చి, ఇద్దరి మధ్య టక్కున ఆగి, ఎడమకాలితో కొట్టాడు. అలా ఆగగలగడమే గోలు. వల ఊగింది. రాజన్న అరుపు అల్లంత దూరాన బౌద్ధనగర్‌లో కూడా వినబడి ఉంటుంది.

తర్వాత జరిగింది లచ్చయ్య కలలో కూడా అనుకోలేదు. విద్యార్థులు ఆయన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. గ్రౌండు చుట్టూ తిప్పి, అలాగే తార్నాక చౌరస్తాలోని ఇరానీ హోటల్ దాకా ఊరేగించారు. పైనుంచి చూస్తే గట్టయ్య ఒంటరిగా మూల జెండాలు పీకుతూ కనిపించాడు. లచ్చయ్య ముఖం తిప్పుకున్నాడు.

హోటల్లో కాలు పెట్టే సందు లేదు. చాయ్ కప్పుల మధ్య ఉప్పుడబ్బీని గోలుగా పెట్టి రాజన్న మ్యాచంతా మళ్ళీ ఆడించాడు. ఎవడు ఎక్కడ జారాడు, ఎవడు ఎలా లేచాడు, మొదటి సగంలో మన గోలీ ఆపిన మూడు బంతులు లేకపోతే గతేమయ్యేది, అన్నీ ఒకడు చెబుతుంటే ఒకడు దిద్దాడు. చివరికి రాజన్న బల్ల చరిచాడు. "రెండో గోల్ వెంకటేశం కాలుది కాదు, లచ్చన్న టైరుది! గట్టయ్య ముంచిండు, లచ్చన్న తేల్చిండు."

డైరెక్టర్ గారు కూడా ఆ రోజు వాళ్ళతోనే చాయ్ తాగుతున్నారు. "నిజమే. వచ్చే మ్యాచ్‌కు షామియానాల లచ్చయ్యకు కుర్చీ ఏయిస్త. గ్రౌండుకు కొత్త మాలిని కూడ తెస్త" అన్నారు. హోటలంతా చప్పట్లు.

పదిహేనేళ్ళు ఎదురుచూసిన కుర్చీ. అది ఇప్పుడు గట్టయ్య నేలకు బదులుగా వస్తోంది. లచ్చయ్య చాయ్ కప్పు కింద పెట్టేశాడు. పటకారు పట్టుకుని తన పక్కన వంగిన ఆ వీపే కళ్ళముందు ఆడింది. లేచి నిలబడ్డాడు.

"ముంచింది నేనే సార్" అన్నాడు.

రాజన్న నవ్వబోయి ఆగిపోయాడు. లచ్చయ్య అంతా చెప్పాడు. "గట్టన్న పొద్దుగాలనే చెప్పిండు, కింద బండ ఉన్నదని. నేను చెవిన పెట్టలే. పంపు కాడ మడమ నొక్కి చూసి, గ్రౌండంత గట్లనే ఉన్నదనుకున్న. పొడుగు స్టడ్లు నేనే ఏసిన. రోలర్ తప్పు లేదు, నేల తప్పు లేదు. మీరు ఆయనను తిడ్తుంటె నోరు మూసుకొని నిలవడ్డ."

"గెలిచినం గదనే, గిప్పుడెందుకు చెప్తున్నవ్?" అన్నాడు రాజన్న, పండుగ పాడైపోతోందన్నట్టు.

"గెలిచినం కాబట్టె చెప్తున్న. ఓడితె చెప్పెటోన్నో కాదో నాకే తెల్వది."

డైరెక్టర్ గారి ముఖం ఎర్రబడింది. తాను తిట్టిన తిట్లు ఆయనకూ గుర్తొచ్చినట్టున్నాయి. కప్పు పక్కకు జరిపి అన్నారు. "గట్టయ్య గ్రౌండ్ మీదనే ఉంటడు. పొద్దుగాల నేనే చెప్త ఆయనకు. కుర్చీ ముచ్చట ఇడిసిపెట్టు. ఇగ నుంచి స్టడ్లు ఏసెముందు గట్టయ్యను అడుగు. ఆయన ఏవంటె అవే."

"అడుగుత సార్" అన్నాడు లచ్చయ్య. తల కొట్టేసినట్టయింది. కానీ లచ్చయ్య లచ్చయ్యే, ఊరుకోలేకపోయాడు. "గని మేకు కొట్టుడు మాత్రం నాలెక్క కొట్టెటోడు సికింద్రాబాద్‌ల లేడు. అది యాదుంచుకోండ్రి." హోటల్ గొల్లుమంది. రాజన్న ఇంకో చాయ్ చెప్పాడు, లచ్చయ్య తాగకుండానే బయటపడ్డాడు.

కుర్చీ పోయినా కాళ్ళు తేలికగా పడుతున్నాయి. చేయవలసిన పెద్ద పని చేసేశానన్న ధీమాతో, గట్టయ్య సంతోషాన్ని కళ్ళారా చూద్దామని గ్రౌండుకు నడిచాడు. పొద్దు గుంకుతోంది. గట్టయ్య స్తంభం దగ్గర వల ముడులు విప్పుతున్నాడు.

"గట్టన్నా! డైరెక్టర్ సార్‌కు చెప్పిన. హోటల్ల అందరి ముందట చెప్పిన, తప్పు నాదని. నువ్వు యాడికి పోవు. ఈ గ్రౌండ్ నీదే."

గట్టయ్య ముడి విప్పడం ఆపలేదు. "అందరికి చెప్పినవ్. మంచిగైంది" అన్నాడు. తర్వాత తలెత్తి చూశాడు. "నాకు చెప్పినవా?"

లచ్చయ్య ఊరందరి ముందు ఒప్పుకున్నాడు, మెచ్చుకోలు కోసం ఇక్కడిదాకా నడిచొచ్చాడు. ఎవరిని నొప్పించాడో ఆ ఒక్క మనిషికి చెప్పలేదు. చెప్పాలని తట్టనేలేదు.

"తప్పైంది అన్నా" అన్నాడు చివరికి. "నువ్వు చెప్తె ఇనలే. నిన్ను తిడ్తుంటె చూస్కుంట నిలవడ్డ. నువ్వొచ్చి నా పక్కన కూసుంటివి, అప్పుడన్న చెప్పకపోతి. నన్ను మాఫ్ చెయ్యి."

గట్టయ్య వల ఒక కొస లచ్చయ్య చేతికిచ్చాడు. "పట్టు. నేలకు తగలనియ్యకు" అన్నాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మడత పెట్టసాగారు.

రెండో మడత దగ్గర గట్టయ్య ఆగాడు. "ఆఖరి గోలు నువ్వు స్తంభం ఎనక కూసొని సగమే చూసినవ్. నేను మూల జెండా కాడికెల్లి అంత చూసిన. చెప్త, ఇను" అన్నాడు. పద్నాలుగేళ్ళలో అతను ఒక మ్యాచ్ గురించి చెప్పడం అదే మొదలు. లచ్చయ్య మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.